ఆరు సిలిండర్ల పాత ఇంజనుకు కార్బురేటరు మార్పిడి

కార్బురేటరు మార్పిడి అనగా కారు తయారైనపుడు ఇంజనుకు అమర్చిన కార్బురేటరును తొలగించి, ఎక్కువ గాలిని పోనిచ్చు మరొక కార్బురేటరును దాని స్థానములో అమర్చుట. 1950ల నుండి 1980ల వరకు అమెరికాలో తయారైన ఆరు సిలిండర్ల కార్లలో చాలా భాగము ఒకే బ్యారెల్ గల చిన్న కార్బురేటరుతో అమ్మబడినవి. తక్కువ ధర, పెట్రోలు పొదుపు ఆ ఏర్పాటు యొక్క ముఖ్యోద్దేశములు. ఆ కార్లను నేటికీ భద్రపరచి నడుపుచున్నవారు మరికొంత శక్తిని కోరి రెండు బ్యారెళ్ళ కార్బురేటరును అమర్చుకొనుట సాధారణముగా కనిపించును.

చూచుటకు ఇది కొన్ని నట్లు విప్పి మరల బిగించు పనివలె ఉండును. కాని కార్బురేటరు పరిమాణము తప్పినచో పెట్రోలు వ్యర్థమగును. మిశ్రమము తప్పినచో వాల్వులు, పిస్టన్లు కాలిపోవును. ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు పోవు మీట తప్పినచో గేర్‌బాక్సే చెడిపోవును. ఈ వ్యాసములో క్రైస్లర్ సంస్థ వారి స్లాంట్ సిక్స్ ఇంజను ముఖ్యోదాహరణగా తీసుకొనబడినది.

కార్బురేటరు పనిచేయు విధానము

పెట్రోలు ద్రవరూపములో సరిగా మండదు. అది సన్నని తుంపరగా, ఆవిరిగా మారి గాలిలో తగిన పాళ్ళలో కలియవలెను. ఈ పనిని కార్బురేటరు చేయును. గాలి పోవు మార్గమునకు బ్యారెల్ అని పేరు. బ్యారెల్ మధ్యభాగము ఇరుకుగా ఉండును. ఈ ఇరుకు భాగమును ఇటలీ శాస్త్రజ్ఞుడు జొవాన్ని బట్టిస్టా వెంటూరి (1746 - 1822) పేరున వెంటూరి అందురు. ఇరుకు చోట గాలి వేగము పెరుగును, పీడనము తగ్గును. పక్కనే ఉన్న ఫ్లోట్ గదిలోని పెట్రోలుపై వాతావరణ పీడనము యథాతథముగా ఉండుటచేత, ఆ పీడన భేదము పెట్రోలును జెట్ అను సన్నని రంధ్రము ద్వారా గాలి ప్రవాహములోనికి నెట్టును.

వెంటూరికి దిగువన ఇరుసుపై తిరుగు గుండ్రని పలక ఉండును. దీనిని థ్రాటిల్ అందురు. డ్రైవరు యాక్సిలరేటరును నొక్కినపుడు తెరుచుకొనునది ఇదియే. దీనికి తోడు మరికొన్ని ఉపమార్గములు కలవు.

ఐడిల్ మార్గము: కారు ఆగియున్నపుడు ఇంజను నెమ్మదిగా తిరుగుటకు కావలసిన పెట్రోలును ఇచ్చును.

యాక్సిలరేటర్ పంపు: థ్రాటిల్ హఠాత్తుగా తెరిచినపుడు గాలి వెంటనే పెరుగును గాని పెట్రోలు కొంత ఆలస్యముగా వచ్చును. ఆ లోటును తీర్చుటకు ఈ పంపు కొంత పెట్రోలును చిమ్మును.

పవర్ వాల్వు లేదా మీటరింగ్ రాడ్: పూర్తి శక్తి కావలసినపుడు మిశ్రమమును చిక్కబరచును.

చోక్: చల్లని ఇంజను మొదలగుటకు గాలిని తగ్గించి, పెట్రోలు పాలును పెంచును.

పెట్రోలు పూర్తిగా మండుటకు తూకములో 1 పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ళు గాలి కావలెను. గరిష్ఠ శక్తి కొరకు 12.5 నుండి 13 పాళ్ళ గాలి గల చిక్కని మిశ్రమము అవసరము. కార్బురేటరు మార్చినపుడు మారునది గాలి మార్గము మాత్రమే కాదు. పైన చెప్పిన మార్గములన్నియు ఆ ఇంజనుకు తగినట్లు మరల కుదరవలెను.

ఆరు సిలిండర్ల వరుస ఇంజనులోని చిక్కు

ఒకే వరుసలో ఆరు సిలిండర్లు గల ఇంజను పొడవుగా ఉండును. కార్బురేటరు ఒక్కటే ఉన్నచో దానిని మానిఫోల్డు మధ్యలో నిలుపుదురు. మధ్యనున్న 3, 4 సిలిండర్లకు మిశ్రమము దగ్గర, కొసలనున్న 1, 6 సిలిండర్లకు దూరము. ఆవిరి కాని పెట్రోలు గొట్టము గోడలకు అంటుకొని, వంపుల వద్ద గాలితో సమానముగా తిరుగలేక వెనుకబడును. ఫలితముగా కొన్ని సిలిండర్లకు పలుచని మిశ్రమము, కొన్నిటికి చిక్కని మిశ్రమము అందును.

ఈ లోపమును తగ్గించుటకు మానిఫోల్డు అడుగు భాగమును పొగ మానిఫోల్డు వేడితో వెచ్చబరచు ఏర్పాటు చాలా ఇంజనులలో ఉన్నది. ఈ వేడి అనవసరమని భావించి కొందరు దానిని మూసివేయుదురు. అట్లు చేసినచో చలి వేళలలో పెట్రోలు గోడలపై పేరుకొని, ఇంజను తడబడుచు నడుచును.

స్లాంట్ సిక్స్ ఇంజను

క్రైస్లర్ సంస్థ 1960 మోడల్ కార్లతో ఈ ఇంజనును ప్రవేశపెట్టినది. వేలియంట్ కారు వీటిలో ప్రసిద్ధమైనది. సిలిండర్ల వరుస నిలువునకు 30 డిగ్రీలు పక్కకు వాలి ఉండుటచేత స్లాంట్ సిక్స్ అను పేరు వచ్చినది. ఈ వాలు వలన ఇంజను ఎత్తు తగ్గినది. ఒక పక్క మిగిలిన విశాలమైన చోటులో పొడవైన మానిఫోల్డు గొట్టములు అమరినవి. అందువలన ఆరు సిలిండర్లకు మిశ్రమపు పంపిణీ అనేక వరుస ఇంజనులలో కంటె మెరుగుగా ఉండును.

ఇది 170 ఘనపుటంగుళములు (2.8 లీటర్లు), 198 ఘనపుటంగుళములు (3.2 లీటర్లు), 225 ఘనపుటంగుళములు (3.7 లీటర్లు) అను మూడు పరిమాణములలో వచ్చినది. సిలిండరు వ్యాసము మూడింటికిని 3.40 అంగుళములే. పిస్టను ప్రయాణ దూరము మాత్రము వేరు. అమెరికా కార్లలో 1983 వరకు, ట్రక్కులలో 1987 వరకు దీనిని వాడిరి. ఎక్కువ భాగము ఇంజనులకు హోలీ 1920, కార్టర్ బి.బి.ఎస్., హోలీ 1945 వంటి ఒక బ్యారెల్ కార్బురేటర్లు ఉండెడివి.

క్రైస్లర్ సంస్థయే ఈ ఇంజనుకు రెండు పర్యాయములు పెద్ద కార్బురేటరును అమర్చినది. మొదటిది 1960 నాటి హైపర్ పాక్. ఇందులో నాలుగు బ్యారెళ్ళ కార్టర్ ఎ.ఎఫ్.బి. కార్బురేటరు, పొడవైన గొట్టములు గల మానిఫోల్డు ఉండెను. సాధారణ 170 ఇంజను 101 అశ్వశక్తిని ఇచ్చుచుండగా, దీనితో అది 148కి పెరిగినది. 1960లో డేటోనాలో జరిగిన చిన్న కార్ల పందెములో హైపర్ పాక్ గల వేలియంట్ కార్లు మొదటి ఏడు స్థానములను పొందినవి. అయితే ఈ శక్తి కార్బురేటరు వలననే వచ్చినది కాదు. కామ్‌షాఫ్టు, సంపీడన నిష్పత్తి, పొగ మార్గములు కూడ అప్పుడు మార్చబడినవి.

రెండవది 1977 మోడల్ నుండి వచ్చిన సూపర్ సిక్స్. ఇందులో 225 ఇంజనుకు రెండు బ్యారెళ్ళ కార్టర్ బి.బి.డి. కార్బురేటరును, దానికి తగిన మానిఫోల్డును ఇచ్చిరి. అశ్వశక్తి 100 నుండి 110కి పెరిగినది. నేడు కార్బురేటరు మార్పిడి చేయువారిలో పలువురు ఈ సూపర్ సిక్స్ భాగములనే వెదకి అమర్చుకొందురు. ఒకే సంస్థ, అదే ఇంజను కొరకు రూపొందించిన భాగములగుటచేత కొలతలు సరిపోవును, సర్దుబాట్లు తక్కువ.

పరిమాణమును లెక్కించుట

కార్బురేటరు గాలిని పోనిచ్చు శక్తిని నిమిషమునకు ఇన్ని ఘనపుటడుగులు అని చెప్పుదురు. ఇంజనుకు ఎంత గాలి కావలెనో ఈ క్రింది సూత్రముతో తెలియును.

గాలి = (ఇంజను పరిమాణము × నిమిషమునకు చుట్లు ÷ 3,456) × నింపు నిష్పత్తి

ఇందు ఇంజను పరిమాణమును ఘనపుటంగుళములలో తీసుకొనవలెను. ఒక ఘనపుటడుగులో 12 × 12 × 12, అనగా 1,728 ఘనపుటంగుళములు కలవు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒక్కసారి మాత్రమే గాలిని పీల్చును. కావున 1,728ని 2తో గుణించగా 3,456 వచ్చినది. సిలిండరు ప్రతిసారి పూర్తిగా నిండదు. పాత ఇంజనులకు నింపు నిష్పత్తిని సుమారు 0.80గా తీసుకొనవచ్చును.

225 ఇంజను గరిష్ఠముగా 4,500 చుట్లు తిరుగుననుకొందము. 225 × 4,500 ÷ 3,456 = 293. దీనిని 0.80తో గుణించగా 234 వచ్చును. అనగా ఈ ఇంజను నిమిషమునకు 234 ఘనపుటడుగులకు మించి గాలిని పీల్చజాలదు. 600 ఘనపుటడుగుల కార్బురేటరును అమర్చినను అది పీల్చునది 234 మాత్రమే.

ఇచ్చట ఒక చిక్కు గలదు. ఒకటి, రెండు బ్యారెళ్ళ కార్బురేటర్లను 3 పాదరసపు అంగుళముల పీడన భేదము వద్ద కొలుతురు. నాలుగు బ్యారెళ్ళ వాటిని 1.5 అంగుళముల వద్ద కొలుతురు. గాలి ప్రవాహము పీడన భేదము యొక్క వర్గమూలమును అనుసరించి మారును. కావున ఒక కొలమానమును మరియొక దానికి మార్చుటకు 2 వర్గమూలమైన 1.414ను వాడవలెను. 350 అని వ్రాసియున్న రెండు బ్యారెళ్ళ కార్బురేటరు, నాలుగు బ్యారెళ్ళ కొలమానములో 350 ÷ 1.414, అనగా సుమారు 247 మాత్రమే. 350, 390 అను సంఖ్యలు దగ్గరగా కనిపించినను, రెండు బ్యారెళ్ళ 350కిని నాలుగు బ్యారెళ్ళ 390కిని చాలా తేడా ఉన్నది.

లాభము ఎట్లు కలుగును?

3 అంగుళముల వద్ద 175 ఘనపుటడుగులని కొలిచిన కార్బురేటరు ఉన్నదనుకొందము. దాని ద్వారా 234 ఘనపుటడుగుల గాలిని లాగవలెనన్నచో 3 × (234 ÷ 175)², అనగా సుమారు 5.4 అంగుళముల పీడనము కార్బురేటరులోనే నష్టమగును. 350 కార్బురేటరు ద్వారా లాగినచో నష్టము 3 × (234 ÷ 350)², అనగా సుమారు 1.3 అంగుళములు. సముద్రమట్టము వద్ద వాతావరణ పీడనము సుమారు 30 అంగుళములు. మొదటి కార్బురేటరుతో ఇంజనుకు అందు గాలి సాంద్రత దాదాపు ఆరవ వంతు తగ్గగా, రెండవ దానితో ఇరువదవ వంతు కంటె తక్కువే తగ్గును. మార్పిడి వలన లభించు శక్తికి మూలము ఇదియే.

ఈ లాభము థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఇంజను వేగముగా తిరుగునపుడు మాత్రమే కనిపించును. ఊరిలో నెమ్మదిగా నడుపునపుడు గాలిని అడ్డగించునది సగము మూసియున్న థ్రాటిల్ పలకయే గాని వెంటూరి కాదు. అందుచేత అప్పుడు కార్బురేటరు పెద్దదైనను తేడా ఉండదు.

మరీ పెద్ద కార్బురేటరు వలన నష్టము కూడ గలదు. వెంటూరి వెడల్పైన కొలది గాలి వేగము తగ్గును. పీడన భేదము బలహీనపడును. పెట్రోలు తుంపరగా విడిపోక చుక్కలుగా పడును. యాక్సిలరేటరు నొక్కినపుడు కారు ముందుకు పోక ఒక క్షణము తడబడును.

మార్పిడికి ముందు చేయవలసిన పరీక్షలు

శక్తి తగ్గిన ప్రతి ఇంజనుకు కారణము కార్బురేటరే అనుకొనుట పొరపాటు. పాత ఇంజనులో ఇతర లోపములుండగా కార్బురేటరును మార్చినచో డబ్బు ఖర్చగును, లోపము అట్లే ఉండును. కావున ముందుగా ఈ క్రింది పరీక్షలు చేయవలెను.

సంపీడన పరీక్ష: ఆరు సిలిండర్లలోను పీడనము దాదాపు సమానముగా ఉండవలెను.

వాల్వుల ఎడము: 1980 వరకు వచ్చిన స్లాంట్ సిక్స్ ఇంజనులలో దీనిని చేతితో సవరించవలెను. వేడి ఇంజనులో గాలి వాల్వుకు 0.010 అంగుళము, పొగ వాల్వుకు 0.020 అంగుళము ఉండవలెను.

మానిఫోల్డు శూన్యత: ఆరోగ్యవంతమైన ఇంజను ఐడిల్ వేగములో, సముద్రమట్టము వద్ద 17 నుండి 21 పాదరసపు అంగుళములను చూపును. ముల్లు నిలకడగా ఉండవలెను. తక్కువగా ఉన్నచో గాలి లీకు గాని, ఇగ్నిషన్ సమయములో తేడా గాని ఉండవచ్చును.

ఇగ్నిషన్: స్పార్క్ ప్లగ్గులు, తీగలు, డిస్ట్రిబ్యూటరు, నిప్పురవ్వ పడు సమయము సరిగా ఉండవలెను.

ఈ నాలుగింటిని సరిచేసిన పిదప పాత కార్బురేటరుతోనే కారు తృప్తికరముగా నడిచిన సందర్భములు అనేకము.

మార్పిడి విధానము

1. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత బ్యాటరీ తీగను తొలగించవలెను. పెట్రోలు గొట్టమును విప్పునపుడు కారు పెట్రోలును పాత్రలో పట్టుకొనవలెను.

2. పాత గొట్టములు, తీగలు ఎచ్చటివో గుర్తులు వ్రాసి ఉంచుకొనవలెను. డిస్ట్రిబ్యూటరుకు పోవు శూన్యత గొట్టము, క్రాంక్‌కేసు గాలి గొట్టము కొత్త కార్బురేటరులోను తగిన స్థానములకే కలుపవలెను.

3. స్లాంట్ సిక్స్ ఇంజనులో గాలి మానిఫోల్డు, పొగ మానిఫోల్డు ఒకదానికొకటి బోల్టులతో కలిపియుండును. కొత్త మానిఫోల్డును అమర్చునపుడు ఈ రెంటిని వదులుగా కలిపి, ముందు సిలిండరు హెడ్డుకు బిగించి, ఆ తరువాతనే వాటి మధ్య బోల్టులను బిగించవలెను. క్రమము తప్పినచో వేడికి వ్యాకోచించునపుడు పొగ మానిఫోల్డు పగులును. హెడ్డుకు బిగించు నట్లను అతిగా బిగించరాదు. సర్వీసు పుస్తకములోని కొలత ప్రకారమే బిగించవలెను.

4. గాస్కెట్లను కొత్తవి వేయవలెను. ఒక బ్యారెల్ మానిఫోల్డుపై అడాప్టరు పలకను ఉంచి రెండు బ్యారెళ్ళ కార్బురేటరును నిలుపుట సాధ్యమే. కాని క్రింద ఇరుకు రంధ్రము అట్లే ఉండుటచేత లాభము తగ్గును.

5. థ్రాటిల్ కేబుల్ పూర్తిగా తెరుచుచున్నదా, వదలినపుడు పూర్తిగా మూయుచున్నదా అని ఇంజను మొదలుపెట్టకముందే చేతితో పరీక్షించవలెను. కేబుల్ ఇరుక్కొనినచో కారు అదుపు తప్పును.

6. టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు గల కార్లలో కార్బురేటరు నుండి గేర్‌బాక్సుకు ఒక మీట పోవును. థ్రాటిల్ ఎంత తెరిచినదో దానిని బట్టి ఈ మీట గేర్‌బాక్సులోని నూనె పీడనమును పెంచును. దీనిని కలుపకున్నను, తప్పుగా సవరించినను లోపలి క్లచ్చులు జారి, కాలిపోవును. కార్బురేటరు మార్పిడిలో అత్యంత ఖరీదైన పొరపాటు ఇది.

7. కొత్త కార్బురేటరుకు విద్యుత్ చోక్ ఉన్నచో, తాళము వేసినపుడు మాత్రమే పూర్తి 12 వోల్టులు వచ్చు చోటు నుండి తీగను తీసుకొనవలెను. ఇగ్నిషన్ కాయిల్ తీగ బాలస్ట్ నిరోధము ద్వారా వచ్చుచున్నచో అచ్చట వోల్టేజి తక్కువ. అది పనికిరాదు.

8. పెట్రోలు పంపు పీడనము కార్బురేటరుకు తగినట్లుండవలెను. వెబర్ వంటి కొన్ని కార్బురేటర్లు తక్కువ పీడనమునే తట్టుకొనును. పీడనము ఎక్కువైనచో ఫ్లోట్ వాల్వు మూసుకొనక పెట్రోలు పొంగును. అట్టిచోట పీడన నియంత్రకమును అమర్చవలెను.

సవరింపు

సవరింపునకు ఒక వరుస కలదు. మొదట ఫ్లోట్ మట్టము, తరువాత ఇగ్నిషన్ సమయము, ఆపై ఐడిల్ వేగము, ఐడిల్ మిశ్రమము, చివరకు ప్రధాన జెట్ చూడవలెను. మొదటిది తప్పుగా ఉండగా తరువాతివి సవరించినచో పని అంతయు మరల చేయవలసి వచ్చును.

ఐడిల్ మిశ్రమపు మరను శూన్యతామాపకము అత్యధికముగా చూపునంత వరకు తిప్పవలెను. కారును కొంతదూరము నడిపి స్పార్క్ ప్లగ్గులను విప్పి చూచినచో మిశ్రమపు స్థితి తెలియును. లేత గోధుమ రంగు సరియైనది. నల్లని పొడి మసి చిక్కని మిశ్రమమునకు, తెల్లని పాలిపోయిన రంగు పలుచని మిశ్రమమునకు గుర్తు. వరుస ఇంజనులో కొసల సిలిండర్ల ప్లగ్గులను, మధ్య సిలిండర్ల ప్లగ్గులను పక్కపక్కన ఉంచి పోల్చవలెను. పొగ గొట్టములో ఆక్సిజన్ సెన్సరును అమర్చి కొలుచుట ఇంతకంటె కచ్చితమైన పద్ధతి.

ఇథనాల్ కలిపిన పెట్రోలునకు గాలి పాలు కొంత తక్కువ చాలును. అందువలన పాత జెట్ కొలతలతో అది కొంత పలుచని మిశ్రమమును ఇచ్చును. పాత పంపులలోని రబ్బరు భాగములను కూడ ఇథనాల్ పాడుచేయగలదు.

ప్రమాదములు

పలుచని మిశ్రమము నిదానముగా మండి, పొగ వాల్వులను అతిగా వేడిచేయును. భారము మీద నడుపునపుడు గుద్దుకొను శబ్దము వచ్చును. ఉపేక్షించినచో పిస్టను కరిగి రంధ్రము పడవచ్చును. అతి చిక్కని మిశ్రమము సిలిండరు గోడలపైని నూనెను కడిగివేసి, క్రింది నూనెలో కలిసి దానిని పలుచబరచును. అందువలన రింగులు, బేరింగులు త్వరగా అరుగును.

స్లాంట్ సిక్స్‌లో పొగ మానిఫోల్డు కార్బురేటరుకు దిగువనే ఉండును. పెట్రోలు గొట్టము లీకైనచో చుక్కలు నేరుగా వేడి ఇనుముపై పడి మంట లేచును. కావున మొదటిసారి ఇంజనును నడుపునపుడు ప్రతి కీలును పరిశీలించవలెను. అగ్నిమాపక సాధనమును దగ్గర ఉంచుకొనవలెను. గాలి వడపోత లేకుండ నడుపరాదు. ఇంజను వెనుకకు పేలినపుడు మంటను అడ్డుకొనునది కూడ ఆ వడపోతయే.

ఇతర ఇంజనులు

హడ్సన్ హార్నెట్: 308 ఘనపుటంగుళముల ఆరు సిలిండర్ల ఇంజనుకు రెండు కార్బురేటర్లు గల ట్విన్ హెచ్ పవర్ అను ఏర్పాటును 1950ల తొలినాళ్ళలో ఆ సంస్థయే అమ్మినది.

షెవ్రొలే కార్వెట్: 1953లో వచ్చిన మొదటి కార్వెట్ కారులో 235 ఘనపుటంగుళముల ఆరు సిలిండర్ల ఇంజను, మూడు కార్టర్ కార్బురేటర్లతో 150 అశ్వశక్తిని ఇచ్చినది. ఒకటి కంటె ఎక్కువ కార్బురేటర్లు ఉన్నచో మిశ్రమపు పంపిణీ మెరుగుపడును. కాని అన్నియు ఒకేసారి, ఒకే మేరకు తెరుచునట్లు సమన్వయము చేయుట కష్టము.

ఫోర్డ్ 144, 170, 200, 250: అమెరికాలో తయారైన ఈ ఇంజనులలో గాలి మానిఫోల్డు సిలిండరు హెడ్డుతో ఒకే పోతగా వచ్చినది. దానిని విడదీయుట వీలుకాదు. అడాప్టరు పలకను వాడవలెను, లేదా పై భాగమును యంత్రముతో కోసి వెడల్పు చేయవలెను.

జీప్ 258: 4.2 లీటర్ల ఈ ఇంజనుకు ఉన్న కార్టర్ బి.బి.డి. కార్బురేటరును తీసి, వెబర్ 32/36 లేదా మోటార్‌క్రాఫ్ట్ 2100ను అమర్చుట ప్రసిద్ధము. వెబర్ 32/36లో ఒక బ్యారెల్ మొదట తెరిచి, రెండవది తరువాత తెరుచును. స్లాంట్ సిక్స్‌లో మెరుగుదలగా వచ్చిన కార్టర్ బి.బి.డి.నే జీప్ యజమానులు తీసివేయుట గమనింపదగినది. కార్బురేటరు మంచిచెడ్డలు అది ఏ ఇంజనుపై, ఏ ఉద్గార పరికరములతో ఉన్నదో దానిని బట్టి ఉండును.

చట్టము

అమెరికాలో 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టము, దాని సవరణల ప్రకారము ఉద్గార నియంత్రణ పరికరములను తొలగించుట నేరము. కాలిఫోర్నియాలో 1975, అంతకు పూర్వపు మోడల్ పెట్రోలు కార్లకు నియతకాల పొగ పరీక్ష నుండి మినహాయింపు కలదు. ఆ తరువాతి కార్లకు అమర్చు కార్బురేటరుకు రాష్ట్ర వాయు వనరుల మండలి ఆమోదము ఉండవలెను.

లాభనష్టములు

సూపర్ సిక్స్ చూపినట్లు, కార్బురేటరు, మానిఫోల్డు మాత్రమే మార్చినచో లాభము పదవ వంతు మేరకు ఉండును. ఎత్తు ఎక్కునపుడు, ఇతర వాహనములను దాటునపుడు ఈ లాభము తెలియును. పొగ గొట్టము ఇరుకైనదైనచో ఆ లాభము కూడ పూర్తిగా దక్కదు, ఏలయన లోనికి వచ్చిన గాలి బయటకు పోవలెను. సరిగా సవరించిన రెండు బ్యారెళ్ళ కార్బురేటరు నెమ్మదిగా నడుపునపుడు ఎక్కువ పెట్రోలును త్రాగవలసిన కారణము లేదు. ఖర్చు పెరుగుట సాధారణముగా డ్రైవరు పాదము వలన గాని, తప్పు సవరింపు వలన గాని జరుగును.

తీసివేసిన పాత కార్బురేటరును, మానిఫోల్డును, మీటలను పారవేయక భద్రపరచుట మంచిది. పాత కార్లకు మూలభాగములు దొరకుట ఏటేట కష్టమగుచున్నది. మార్పిడి కుదరనిచో కారును పూర్వస్థితికి తెచ్చుటకు అవియే ఆధారము.

ఇవి కూడా చూడండి

అంతర్దహన యంత్రము
కార్బురేటరు
బెర్నూలీ సూత్రము
పెట్రోలు
వాయు కాలుష్యము